పలకని మెట్టు

"దీన్ని ఎవరు బాగుచెయ్యమన్నారండీ మిమ్మల్ని?"

అతను హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కిపట్టి, పళ్ళ బిగువున అడిగాడు. మెట్టు నిక్షేపంలా పలుకుతోంది. గొడవంతా అదే.

కౌంటరు వెనకాల ఉన్న అమ్మాయి చేతికంటిన జిగురు తుడుచుకుంటూ అతన్ని ఎగాదిగా చూసింది. వాయిద్యాల రిపేరు షాపు వాళ్ళ తాతగారిది, పనంతా ఇప్పుడు ఆమెది. బాగుచేశావని దెబ్బలాటకొచ్చిన మొదటి మనిషి తనేనని ఆ చూపులోనే అతనికి అర్థమైంది.

"తిత్తి చిరిగి గాలి పోతోందన్నారు. అతుకేశాను. లోపల చూస్తే ఒక మెట్టు కింద పలికే రీడు విరిగి ఉంది. కొత్తది వేశాను. తప్పా?"

"ఆ మెట్టు జోలికి వెళ్ళొద్దని మీ తాతగారికి చెప్పాను."

"తాతయ్యా!" లోపలి గదిలోకి కేకేసింది.

"చెప్పాడే తల్లీ, నేనే మర్చిపోయాను," అంది లోపల్నించి ఒక గొంతు. "అయినా విరిగిన రీడు కళ్ళబడితే ఊరుకుంటావా నువ్వు? నేనైతే ఊరుకోను."

"విన్నారుగా," అందామె. "మా ఇంట్లో అందరికీ ఇదో జబ్బు."

అతనికి కోపం రావాలి. వచ్చింది కూడా. కాని ఆ కోపంలోనూ మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు. కొత్త రీడు పక్కవాటితో ఎంతగా కలిసిపోయిందంటే, ఈ పెట్టె పుట్టినప్పట్నించీ అది అక్కడే ఉందేమో అనిపిస్తోంది.

"మళ్ళీ విరగ్గొట్టి ఇవ్వగలరా?"

"ఆ పని మా షాపులో చెయ్యం మాస్టారూ."

"మాస్టార్నని మీకెలా తెలుసు?"

"అది తర్వాత. ముందు ఇది పలికితే మీకొచ్చిన నష్టమేమిటో చెప్పండి."

చెప్పాడు. అతను పుట్టకముందు, అమ్మా నాన్నా ఇల్లు మారుతుంటే హార్మోనియం మెట్ల మీంచి జారి ఈ ఒక్క స్వరం పోయింది. వచ్చేవారం బాగుచేయిస్తానని నాన్న అన్నాడు. ఆ వారం ఇంతవరకూ రాలేదు. ఆయన సాయంత్రం పూట వాయించుకుంటూ ఉంటే, ఆ స్వరం రావలసిన చోట వంటింట్లోంచి అమ్మ గొంతు వచ్చేది. కూరలు తరుగుతున్నా, గిన్నెలు తోముతున్నా, ఆ ఒక్క స్వరం అందించి మళ్ళీ పనిలో పడేది. అతను ఆ శబ్దంలోనే పెరిగాడు. హార్మోనియం తనంతట తాను మొత్తం పలుకుతుందన్న సంగతి స్నేహితుడింటికి వెళ్ళినప్పుడు గాని తెలియలేదు. చాలా వింతగా, కొంచెం మొరటుగా కూడా తోచిందది.

"ఇప్పుడు పెట్టే పలికేస్తే, అమ్మ ఇంకెందుకు పాడుతుంది?" అన్నాడు.

 ఆమె స్క్రూడ్రైవరు జేబులో వేసుకుని, గొడుగు తీసింది.

"పదండి. మీ అమ్మగారినే అడుగుదాం. వద్దంటే అక్కడికక్కడే రీడు ఊడదీసేస్తాను. తాతయ్యా, షాపు చూస్కో!"

"వాళ్ళింటికెళ్ళి మరీ పాడుచేస్తావుటే?"

"పాడుచెయ్యడానికి కాదు, ఊడదియ్యడానికి!"

బయట వాన. గొడుగు ఒకటే. ఎవరూ ఎవరికీ చెప్పకుండానే గొడుగు హార్మోనియం మీదికి చేరింది. పెట్టెకి చెరోవైపు పట్టుకుని ఇద్దరూ శుభ్రంగా తడుస్తూ నడిచారు. ఎదురొచ్చినవాళ్ళు దారి ఇచ్చి మరీ నవ్వుకున్నారు.

"పేషెంటుని మోసుకెళ్తున్నట్టుంది," అన్నాడు.

"పేషెంటు బాగానే ఉంది. చుట్టాలకే ఒంట్లో బాలేదు."

నవ్వకూడదనుకుని నవ్వాడు. "ఇప్పుడు చెప్పండి. నేను మాస్టార్నని ఎలా తెలిసింది?"

"మీ స్కూలు హార్మోనియం పోయిన నెల నా దగ్గరికే వచ్చింది. మెట్లన్నీ అరిగిపోయి ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఇది ఏదైతే పలకదో, అక్కడ సరిగ్గా ఆ మెట్టు కొత్తదానిలా మెరుస్తోంది. వాయించే మనిషికి దీనిమీద ఏం పగో అనుకున్నాను. ఇవాళ మీ వేలు దానిమీద పడ్డ తీరు చూసి, ఈయనే ఆయన అనుకున్నాను."

అతను ఆగిపోయాడు. మంచి హార్మోనియం మీద కూడా ఆ చోట వేలెత్తేసి గొంతుతో అందుకుంటానన్నది అతనికే తెలియదు.

"పిల్లలు కూడా అలాగే నేర్చుకుని ఉంటారు," అన్నాడు నెమ్మదిగా.

"నేర్చుకున్నారు. హార్మోనియం తిరిగిచ్చినప్పుడు, ఆ రోజు మీరు రాలేదట, వాళ్ళే వాయించి చూపించారు. అక్కడికి రాగానే అందరూ చేతులెత్తేసి ఒక్కసారిగా ఆ స్వరం అరిచారు. నాకు గుండె ఆగినంత పనైంది."

ఈసారి ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఇచ్చిన ధైర్యంతో, ఎవరికీ చెప్పని సంగతి ఆమెకి చెప్పాడు. పదిహేనో ఏట అతనికి ఇంట్లో అందరిమీదా కోపం. నాన్నతో మాటలు మానేశాడు, హార్మోనియం ముట్టుకోవడం మానేశాడు. తలుపు వేసుకుని కూర్చునేవాడు. ఒక సాయంత్రం అమ్మ ఇంట్లో లేదు. నాన్న అవతల వాయిస్తున్నాడు. ఆ చోటు వచ్చింది. ఎవరూ అందుకోలేదు. రెండోసారి వచ్చినప్పుడు, మూసిన తలుపు వెనకాల్నించి అతని గొంతు దానంతటదే అందుకుంది. అప్పుడే మారుతున్న గొంతు, బొంగురుగా, అసహ్యంగా వచ్చింది. వాయిద్యం ఆగింది. నాన్న తలుపు కొడతాడనుకుని బిగుసుకుపోయాడు. ఆయన కొట్టలేదు. కాస్సేపాగి, పాట మళ్ళీ మొదట్నించి ఎత్తుకున్నాడు.

"అంతే. మర్నాటి నుంచి వెళ్ళి పక్కన కూర్చున్నాను. సంగీతం నాకు ఆ ఖాళీలోంచి వచ్చింది. ప్రేమన్నా అంతేననుకుంటాను. ఒకళ్ళు ఖాళీ వదుల్తారు, ఇంకొకళ్ళు నింపుతారు."

"మా ఇంట్లో ఖాళీ కనిపిస్తే కొత్త రీడు వేస్తారు," అందామె. తర్వాత, గొంతు తగ్గించి, "నేను ప్రతి స్వరాన్నీ విడివిడిగా ఎరుగుదును మాస్టారూ. చిన్నప్పుడు నిద్దర్లో కూడా ఏది శ్రుతి తప్పిందో చెప్పేదాన్నట. పాట మాత్రం ఒక్కటీ పూర్తిగా విన్నది లేదు. పలికిందా, సరే, మూత బిగించు. అలా పెరిగాను."

ఆ మాట అన్నప్పుడు ఆమె కనురెప్ప మీంచి ఒక చినుకు జారింది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఇంకాసేపు ఇల్లు రాకపోతే బాగుండుననిపించింది అతనికి.

ఇల్లు వచ్చింది. మూడో అంతస్తు. నాన్న తువ్వాలు తెచ్చి ముందు హార్మోనియాన్ని తుడిచి, తర్వాత ఆ అమ్మాయికిచ్చాడు. కొడుక్కి ఏమీ ఇవ్వలేదు. విషయం విని "ఓహో," అని కూర్చుని, రోజూ వాయించే పాటే మొదలుపెట్టాడు.

ఆ చోటు వచ్చింది. పెట్టె పలికింది. చక్కగా, నిండుగా పలికింది.

వంటింట్లోంచి ఏమీ రాలేదు.

నాన్న వేళ్ళు ఆగిపోయాయి. పొయ్యి మీద ఏదో ఉడుకుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. అతను అనుకున్నంతా అయింది.  అమ్మాయి గబగబా స్క్రూడ్రైవరు తీసి పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "సారీ అండీ. ఒక్క నిమిషం, తీసేస్తాను."

"ఆగు తల్లీ."

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చెయ్యి కొంగుకి తుడుచుకుంటోంది.

"ముట్టుకున్నావంటే ఊరుకోను. ఇన్నాళ్ళకి ఒక మంచి పని జరిగింది ఈ ఇంట్లో."

"అమ్మా, నీకోసమే కదా..."

"నాకోసమా? పొయ్యి మీద పాలు పొంగినా సరే, నా ఒక్క స్వరం నేను అందించాలి. చంటివాడివి, నిన్ను చంకనేసుకుని కూడా అందించాను. ఆ స్వరం దగ్గరే నన్ను కట్టేశారు తండ్రీ కొడుకులు. దాని ముందు ఏముందో, వెనక ఏముందో నాకూ పాడాలనుండదూ?"

నాన్న నోరు తెరిచాడు. "నువ్వెప్పుడూ అనలేదేమోయ్?"

"మీరెప్పుడైనా అడిగారా?"

 ఆయన పక్కకి జరిగాడు. అమ్మ వెళ్ళి పొయ్యి ఆపేసి వచ్చి, ఆయన పక్కన కూర్చుంది. "అంత ఎత్తులో నాకు అందదు. శ్రుతి కిందికి దించండి," అంది. ఆయన దించాడు. ఇంకా దించమంది. ఇంకా దించాడు. అప్పుడు పాడింది.

అతను అమ్మ గొంతు పుట్టినప్పట్నించీ విన్నాడు, వినలేదు. ఆ గొంతుకి ఇంత కింది స్థాయి ఉందని, అక్కడ ఇంత చల్లగా ఉంటుందని తెలియదు. ప్రేమ గురించి వానలో తను చెప్పిన సిద్ధాంతం గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. ఆ అమ్మాయికేసి చూడలేక చూశాడు. ఆమె మెల్లగా లేచి, చెప్పులు చేతపట్టుకుని, చప్పుడు చెయ్యకుండా బయటికి నడుస్తోంది. వెనకాలే వెళ్ళాడు.

"వెళ్ళిపోతున్నారా?"

"ఇంటివాళ్ళ పాట కదా అని."

మెట్ల దగ్గర నిలబడ్డారు. లోపల అమ్మ ఒక మాట తప్పు పాడి నవ్వి, ఆ తప్పు నాన్న మీదికి నెట్టేసి, మళ్ళీ అందుకుంది.

"మా ఇంట్లో అడగడం ఎవరికీ అలవాటు లేదు," అన్నాడు అతను. "మీరూ విన్నారు. అందుకని నేను అడిగేస్తున్నాను. ఇందాక మీమీద కోపంతో వచ్చాను. ఇప్పుడు మీరు ఈ మెట్లు దిగి వెళ్తుంటే చూడలేను. నాకు మీరు నచ్చారు. మీకు నేను... అసలు మీకు ఏం కావాలనుంది?"

 ఆమె పై మెట్టు మీద కూర్చుని తల గోడకానించింది. పక్కన చోటుంది. అతను కూర్చోవచ్చా అని అడిగాడు. ఆమె తలూపింది.

లోపల పాట సాగింది. మధ్యలో అమ్మకి మాటలు అందకపోతే రాగం తీసింది, నాన్న వెతుక్కుంటూ వెంట వెళ్ళాడు. ఎక్కడా తొందర లేదు.  అతను ఆమె వైపు చూడకుండా ఎదురుగా ఉన్న తలుపు కేసి చూస్తూ కూర్చున్నాడు. చివరి చరణం, మళ్ళీ పల్లవి, తర్వాత తిత్తిలో మిగిలిన గాలి మెల్లగా దిగిపోయిన చప్పుడు.

"అవును," అందామె.

"ఆఁ?"

"అవును. నాక్కూడా మీరు నచ్చారు. పాట సగంలోనే చెప్పేద్దామనుకున్నాను మాస్టారూ. మీ అమ్మగారు ఇన్నేళ్ళకి పాడుతున్నారు, అడ్డం రావడం ఇష్టం లేక ఊరుకున్నాను."