తొలివల రొయ్యలు

కంచరపాలెంలో, రైల్వే గేటు అవతలి ఇంట్లో గౌరీశ్వరి కాఫీ కలుపుతుండగానే తండ్రి తాతబాబు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. చేతిలో ఐసు వేసిన క్యాను. తన రొయ్యల చెరువులో వల దించితే మొదటి వల కూతురింటికే. ఆమె పెళ్ళయిన నాటి నుంచి తప్పని ఆనవాయితీ అది. భీమిలి తొలి బస్సు కండక్టర్లందరికీ ఆ క్యాను చుట్టమే.

“గుంటకి ఎలాగుందమ్మీ? ఇవొండి పెట్టు, బలమొస్తాది.”

గౌరి క్యాను అందుకోలేదు. నాలుగేళ్ళ కూతురు నిఖిత నిన్ననే ఆసుపత్రి నుంచి వచ్చింది. తాత పోయినసారి వచ్చి వెళ్ళాక పట్టుకున్న విరేచనాలూ జ్వరమూ రెండు మందులకు లొంగలేదు. మూడోదానికి, అదీ దేవుళ్ళందరికీ మొక్కుకున్నాక, తగ్గాయి.

గౌరి పనిచేసేది రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీ ల్యాబులో. ఓడలో వెళ్ళిన సరుకులో మందులకు లొంగని క్రిమి ఉందని, అది ఏ చెరువుదో తేల్చమని పై దేశం నుంచి ఫ్యాక్స్ వచ్చింది. చెరువుల వారీగా దాచి ఉంచిన నమూనాలన్నీ ఆమే పరీక్షించింది. క్రిమి కన్నతండ్రి చెరువులో బయటపడింది. ఆసుపత్రి వాళ్ళను బతిమాలి తెచ్చిన నిఖిత నమూనాలోనూ అదే.

ఈరోజు ఆఫీసులో ఆ చెరువు పేరు చెప్పాలి. చెబితే నాన్న రొయ్యలు ఇక ఎవరూ కొనరు. చెప్పకపోతే ఆ పాపం ఓడలెక్కుతూనే ఉంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

“నాన్నా, మేతలో ఏటి కలుపుతన్నావ్?”

“ఏటి కలుపుతాను? రోగం రాకముందే మందు. సుట్టూ అందరూ కలిపీదే!”

“రోగం నేకండా రోజూ మందేస్తే పురుగు దానికి అలవాటు పడిపోద్ది. అదే పై దేశం ఎల్లింది. మన గుంట కడుపులోకీ ఎల్లింది.”

“ఓలమ్మో! ఉడికిందాన్లో పురుగేటే? మీ కంపినీ ఓల్లు నా సెరువు మీద కన్నేసినారు. నువ్వు ఆల్ల పాట పాడతన్నావ్!”

“ఉడికింది కాదు నాన్నా. ఆ రోజు రొయ్యలు ఒలిసిన సేతిని లుంగీకి తుడుసుకుని, గుంటకి జాంకాయ ముక్కలు తినిపించినావ్.”

తాతబాబు అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఈ ఇంటికొస్తే మనవరాలికి పెట్టకుండా తాను ముద్ద ముట్టని మనిషి.

“ఆ దేశంలో కూడా గుంటలుంటారు కదేటి?” అన్నాడు.

గౌరికి ఏడుపు ఆగలేదు. “ఉంటారు నాన్నా. నీ పేరు నాను ఎలా సెప్పీది? సెప్పకండా ఎలా ఉండీది?”

“నువ్వు సెప్పొద్దు. నానే వొస్తాను మీ ఆఫీసుకి. నా సెరువేనని నానే సెప్తాను.”

పెరట్లో గొయ్యి తవ్వి, ప్రాణం ఉసూరుమంటున్నా తొలివల రొయ్యలన్నీ పాతిపెట్టాడు. కుళాయి దగ్గర సబ్బు అరిగిపోయేలా చేతులు కడుక్కున్నాడు. నిఖిత ఇడ్లీ పళ్ళెంతో ఎదురొచ్చింది.

“తాతా, నువ్వు పెట్టు.”

అతను చేతులు వెనక్కి దాచుకున్నాడు. “మీ యమ్మ పెడతాదిలే తల్లీ.”

గౌరి ఆ తడి చేతిని ముందుకు లాగి, అందులో ఇడ్లీ ముక్క పెట్టింది. తాతబాబు ఏడుస్తూనే దాన్ని మనవరాలి నోటికి అందించాడు.