ఆపరేషన్ ఊదారంగు

"పెనం వేడెక్కిందా?"

"ఎక్కింది. నీళ్లు చల్లాలి."

కోడ్ సరిపోయింది. బొంగులూరు ఎగ్జిట్ దగ్గర సర్వీస్ రోడ్డు మీద ఆగి ఉన్న తెల్ల కారు వెనక తలుపు తెరుచుకుంది. ఏజెంట్ కృపారాణి ఎక్కి కూర్చుంది. ఈ కోడ్ మాటలు రాసేది ఎవరో ఆమెకు తెలియదు. ఆ మనిషి రోజూ టిఫిన్ తినకుండా ఆఫీసుకు వస్తాడని మాత్రం గట్టి అనుమానం.

లోపల ఉన్నది రమణి. బ్యూరోలో కౌంటర్ ఇంటెలిజెన్స్ చీఫ్. ఒళ్లో సీక్రెట్ ఫైలుకు బదులు బంతిపూల సంచి ఉంది. మహర్నవమి నాడు చీఫ్ అయినా ఇంటికి పూలు పట్టుకెళ్లాల్సిందే.

"అణు పరిశోధన ల్యాబ్ ఎక్కడో తెలుసుగా?"

"ఇబ్రహీంపట్నంల పుట్టినదాన్ని మేడమ్. మా బాపు చెలక గా ల్యాబ్ పక్కనే ఉండె. ఇప్పుడు అన్నీ ప్లాట్లే."

"ప్లాట్ల సంగతి తర్వాత. రహస్యాలు దొంగిలించే ఆర్కిడ్ ముఠా ఆ ల్యాబ్‌లోకి దూరింది. ఈరోజే పని కానిస్తారని సమాచారం. మనవాడు రమాకాంత్ లోపలే ఉన్నాడు. ముఠాకి అమ్ముడుపోయినట్టు నటిస్తున్నాడు. పైకి లేజర్ కన్సల్టెంట్. నువ్వు సేఫ్టీ ఆడిటర్‌వి. ఏం చెయ్యాలో అతను చెబుతాడు."

"వాళ్లకు కావాల్సింది ఏంది?"

"ఒక రంగు."

"రంగా?"

"అక్కడి డైరెక్టర్‌ని అడుగు. నాకు చెప్పాడు, మా ఆయన ఫోన్ చేసేసరికి సగం మర్చిపోయాను." రమణి చిన్న డబ్బీ అందించింది. "కమ్మలు. ట్రాన్స్‌మిటర్ ఉంది. నొక్కితే మా టీమ్ వచ్చేస్తుంది."

"మందం గోడల లోపలికి పోతే పనిచేస్తదా?"

"చెయ్యదు."

కృపారాణి కమ్మలు పెట్టుకుంది. కనీసం చీరకు మ్యాచ్ అయ్యాయి.

డైరెక్టర్ శేషగిరిరావుకి మనుషులు తక్కువ కనపడతారు, కేంద్రకాలు ఎక్కువ కనపడతాయి. ఆడిటర్ వచ్చిందని తెలియగానే, హెల్మెట్ పెట్టుకునే లోపే పాఠం మొదలుపెట్టేశాడు.

"చూడండమ్మా, పరమాణువు మధ్యలో కేంద్రకం ఉంటుంది. అది మరీ చిన్నది, మైక్రోస్కోపుకి దొరకదు. మరి దాని సైజు ఎలా తెలుస్తుందండీ? రెండు దారులు. ఎలక్ట్రాన్లను దాని మీదకి విసిరి ఎటు చెదిరాయో చూడ్డం ఒకటి. చీకటి గదిలో ఉన్నది గుమ్మడికాయో పనసకాయో తెలియాలంటే గోలీలు విసిరినట్టు. రెండోది లేజర్. ప్రతి పరమాణువూ తనకి నచ్చిన రంగు వెలుగునే తాగి, తిరిగి మెరుస్తుంది. కేంద్రకం రవ్వంత లావెక్కిందనుకోండి, ఆ నచ్చే రంగు కూడా వెంట్రుకవాసి మారిపోతుంది. ఆ తేడా కొలిస్తే లావు తెలిసిపోతుందండీ!"

"గా రంగు ఎవరైనా దొంగలిస్తే?"

ఆయన ముఖంలో పండగ కళ పోయింది. "ఒకే మూలకంలో రకాలు కలిసిపోయి ఉంటాయి కదండీ. ఫలానా రకానికి సరిగ్గా ఏ రంగో తెలిస్తే, బియ్యంలోంచి రాళ్లు ఏరినట్టు దాన్ని ఒక్కదాన్నే ఏరుకోవచ్చు. మేం ఏరేది చదువు కోసం. బాంబుల వాళ్లూ ఏరతారు. వాళ్ల అవసరం వేరు."

సంగతి అర్థమైంది. ఆ ఊదారంగు వెలుగు గేటు దాటకూడదు.

యంత్రశాలలో ఆయుధపూజ జోరుగా సాగుతోంది. టెక్నీషియన్ ఎల్లేశ్ పవర్ సప్లయ్‌లకు, పంపులకు, కంప్యూటర్లకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెడుతున్నాడు. అతని పక్కన మెరిసిపోతున్నవాడు రమాకాంత్. లినెన్ కుర్తా, నుదుటి మీద పడే జుట్టు, బుగ్గన సొట్ట, ముందు అత్తరు వచ్చి తర్వాత మనిషి వచ్చే వైనం. ల్యాబ్‌లో సగం మంది అతనంటే పడిచస్తారు. మిగతా సగం మంది ఆ సంగతి దాచుకుంటారు. పసుపు గిన్నెలో నాలుగు వేళ్లూ ముంచి, యంత్రాలకు రాస్తూ సెల్ఫీలు దిగుతున్నాడు.

"అక్కా, బొట్టు పెట్టాల్నా?" ఎల్లేశ్ ఆడిటర్ దగ్గరికి వచ్చాడు.

"నాకొద్దు తమ్మీ, చర్చికి పోయేదాన్ని. హెల్మెట్‌కు పెట్టు."

హెల్మెట్‌కు బొట్టు పడింది. ఎల్లేశ్ మైకు అందుకున్నాడు. "అందరు ఇనుండ్రి! పూజైన మిషన్లు ఇయ్యాల ఎవ్వరు ముట్టొద్దు. గవి గూడ జర ఆరాం చెయ్యాలె. షామియాన కింద పులిహోర ఉన్నది!"

ల్యాబ్ మొత్తం షామియానా కిందికి తరలిపోయింది. సౌండ్ బాక్సుల్లో పాటలు మొదలయ్యాయి. కృపారాణి కూడా విస్తరి ముందు కూర్చుని, డ్యూటీలో ఉన్నానన్న సంగతి మరిచి రెండోసారి వేయించుకుంది. చేతులు కాగితంతో తుడుచుకుంటుండగా అత్తరు వాసన చెవి దగ్గరికి వచ్చింది.

"రంగు కొలవడానికి ముఠా తెచ్చిన పెట్టె దొరికింది. బీమ్ హాల్లో ఉంది. ఎవరూ లేరు, ఇప్పుడే రా. నీ ఫోన్ ఇటివ్వు, ఆ అయస్కాంతాల దగ్గర పాడైపోతుంది."

బ్యూరో మనిషి. రమణి మేడమ్ మాట. ఇచ్చింది. వెళ్లింది.

బీమ్ హాలంటే ఎలక్ట్రాన్ల ధార దూసుకొచ్చే చోటు, కిటికీ లేని కాంక్రీటు గుహ. మెలికలు తిరిగిన నడవా చివర, ఇనుప తలుపు దాటి లోపలికి వెళ్లాలి. నడుమ స్టీలు ఛాంబర్, దాని చుట్టూ అల్యూమినియం రేకు. వంటింట్లో చపాతీలు చుట్టే రేకే. వేడి నిలవడానికి సైంటిస్టులూ దాన్నే చుడతారట. గోడల నిండా ఒకే మాదిరి బూడిదరంగు డబ్బాలు. పక్క గదిలోంచి గోడను చీల్చుకొచ్చిన గొట్టంలో నుంచి సన్నని ఊదారంగు గీత ఒకటి ఛాంబర్‌లోకి దూరుతోంది.

"ఇయ్యాల మిషన్లు ముట్టొద్దన్నరు గదా, లేజర్ ఎవరు..." అంటూ తిరిగింది.

వెనక రమాకాంత్ లేడు. తలుపు మూసుకుంది. లైట్లు ఆరిపోయాయి. సైరన్ మొదలైంది.

తలుపును తోసింది. తన్నింది. ఆ తలుపు ఏనుగునైనా లెక్కచెయ్యదు. పక్కనే తామరమొగ్గంత ఎర్ర ఎమర్జెన్సీ బటన్. నొక్కింది. అది లోపలికి దిగి అక్కడే ఉండిపోయింది. సైరన్ ఆగలేదు. కమ్మలు నొక్కింది. కమ్మలు కమ్మల్లాగే ఉన్నాయి.

ఇంటర్‌కమ్‌లో గొంతు వినపడింది. "సారీ కృపా. పులిహోర బాగుందా?"

"నువ్వా!"

"నేనే. ముఠాలో చేరినట్టు నటించమంది మీ బ్యూరో. నటిస్తుంటే, నిజంగా చేరితేనే జీతం ఎక్కువని తేలింది."

"మా మేడమ్ నిన్ను మస్తు నమ్మింది."

"అందరూ నమ్ముతారు. అది నా తప్పు కాదు, నా ముఖం తప్పు. యంత్రం వేడెక్కుతోంది. తలుపు మీది పసుపు దీపం ఎర్రగా మారగానే బీమ్ వస్తుంది. బీమ్ తగిలితేనే ఆ అరుదైన పరమాణువులు పుడతాయి, లేజర్ వాటిని మెరిపిస్తుంది. ఆ రంగు కొలత నా పెట్టెలోకి దిగుతుంది. నువ్వు లోపల ఉండిపోయావు. పాపం, సైరన్ పట్టించుకోని సేఫ్టీ ఆడిటర్."

బీమ్ వచ్చాక హాల్లో ఉన్న మనిషిని ఏ దవాఖానకూ తీసుకుపోనక్కరలేదని డైరెక్టర్ పొద్దున్నే చెప్పాడు. బయట సౌండ్ బాక్సులు ఊగిపోతున్నాయి. ఇక్కడ గొంతు చించుకున్నా గోడకే వినపడుతుంది.

కృపారాణి భయపడింది. గూఢచారులు భయపడరని రాసేవాళ్లు ఎప్పుడూ కాంక్రీటు డబ్బాలో చిక్కుకున్నవాళ్లు కాదు. చెమటకు హెల్మెట్ జారింది. జారిన హెల్మెట్ సర్దుకుంటూ ఆమె ఆలోచించింది. తలుపు నా చేతిలో లేదు, బీమ్ నా చేతిలో లేదు. వెలుగు గీత మాత్రం మూర దూరంలో ఉంది.

ఛాంబర్ మీది రేకును చించింది. నలిపి ఉండ చేసి, ముఖం పక్కకి తిప్పుకొని, లేజర్ దారిలో ఛాంబర్ అంచున ఇరికించింది.

"ఏయ్! సిగ్నల్ పోయింది! ఏం చేశావ్?"

"అడ్డం పెట్టిన."

"తియ్యి! తీస్తే తలుపు తెరుస్తా."

"ముందు తెరువు."

"అక్కర్లేదులే. బీమ్ వస్తుంది, నువ్వు పడిపోతావు. తర్వాత నేనే వచ్చి ఆ రేకు తీసి మళ్లీ మొదలుపెడతా. అక్కడ చక్కెర పొంగలి ఇంకా వడ్డించనే లేదు, ఎవరూ లేచి రారు."

గొంతు ఆగిపోయింది. కానీ నలిగిన రేకు తన పని తాను చేస్తోంది. దాని ముడతల మీద పడ్డ లేజర్ వెయ్యి ముక్కలై గదంతా ఊదారంగు చల్లింది.

ఆ వెలుగులో కృపారాణి తన చేతులు చూసుకొని ఉలిక్కిపడింది. వేళ్లు ఆకుపచ్చగా మెరుస్తున్నాయి, మిణుగురుల్లాగా.

ఒక్క క్షణం బీమ్ వచ్చేసిందనే అనుకుంది. తర్వాత గోళ్ల సందుల్లో చూసింది. పసుపు. పులిహోర పసుపు. కాగితంతో తుడుచుకుంటే పోవడానికి అది చట్నీయా? పరమాణువులకే కాదు, పసుపుకూ నచ్చిన రంగు ఒకటుంది. అది తాగి ఆకుపచ్చగా మెరుస్తోంది.

నా వేళ్లే ఇట్ల ఉంటే, గిన్నెలో నాలుగు వేళ్లూ ముంచినోని వేళ్లు ఎట్ల ఉండాలె?

గోడల వెంట పరుగెత్తింది. ఎమర్జెన్సీ బటన్ నొక్కినా యంత్రం ఆగలేదంటే, తీగల్లో ఎక్కడో వాడు చెయ్యి పెట్టాడు. ఏ డబ్బాలో? అన్నీ ఒకేలా ఉన్నాయి. బూడిదరంగు, బూడిదరంగు, బూడిదరంగు. పూజ బయట యంత్రశాలలో జరిగింది, ఈ హాల్లోకి బొట్టు కాదు గదా కుంకుమ రేణువు కూడా రానివ్వలేదు డైరెక్టర్. ఇక్కడ పసుపు ఉంటే అది ఒక్కడిదే.

ఛాంబర్ వెనక మూల. మోకాలెత్తు డబ్బా. మూత అంచున నాలుగు ఆకుపచ్చ మచ్చలు, పక్కపక్కనే. కింద బొటనవేలి ముద్ర.

పసుపు దీపం వేగంగా కొట్టుకోవడం మొదలైంది.

మూత గట్టిగా బిగించి ఉంది. గోళ్లతో లాగింది. ఒక గోరు విరిగింది. రాలేదు. కమ్మ తీసి, దాని కొక్కెం సందులో దూర్చి పైకి ఎత్తింది. బ్యూరో గ్యాడ్జెట్ మొదటిసారి పనికొచ్చింది. మూత ఊడిపడింది.

లోపల తీగల గుంపు. వాటి మధ్య చిన్న తీగముక్క ఒకటి, రెండు కొసలూ ఆకుపచ్చగా వెలుగుతూ. యంత్రాన్ని నమ్మించే తీగ అదే. బటన్ నొక్కితే కరెంటు వలయం తెగాలి, తెగితే యంత్రం ఆగాలి. ఈ ముక్క ఆ తెగిన చోట వంతెన వేసి, అంతా బాగానే ఉందని యంత్రానికి అబద్ధం చెబుతోంది.

దీపం ఎర్రబడబోతోంది.

కృపారాణి తీగను పట్టి లాగేసింది.

సైరన్ గొంతులోనే చచ్చిపోయింది. పంపులు నిట్టూర్చాయి. ఊదారంగు గీత ఆరిపోయింది. గదిలో తెల్ల లైట్లు వెలిగాయి, ఇనుప తలుపు తాళం టక్కుమంది. ఆమె నేల మీదే కూలబడి, దేవునికి స్తోత్రం చెప్పుకుంది. వెంటనే రమాకాంత్‌ను ఒక మాట తిట్టుకుంది. ఆ రెండూ ఒకే వాక్యంలో రాయదగ్గవి కావు.

బయటికి పరుగెత్తుకొచ్చేసరికి కంట్రోల్ రూమ్ ఖాళీ. రమాకాంత్ పెట్టె చంకన పెట్టుకుని పార్కింగ్ దాకా పారిపోయాడు. అక్కడే ఆగిపోయాడు. ల్యాబ్ బండ్లన్నీ వరుసగా కడిగి నిలబెట్టి ఉన్నాయి. ప్రతి చక్రం కింద ఒక నిమ్మకాయ. బండి తాళాలన్నీ ఎల్లేశ్ చేతిలోని హారతి పళ్లెంలో, కుంకుమ బొట్లతో.

"ఎల్లేశ్, నా తాళం ఇవ్వు! అర్జెంటు!"

"జర ఆగు సార్. మంత్రం నడుస్తున్నది."

"చంపేస్తా, ఇవ్వు!"

"గట్ల తిట్టుకుంట తీస్కపోతె బండికే మంచిది గాదు. గుమ్మడికాయ కొట్టనియ్యి, ఫస్ట్ నీదే ఇస్త."

రమాకాంత్ పళ్లెం మీద పడబోయాడు. ఎల్లేశ్ పళ్లేన్ని పక్కకి జరిపి, కొట్టడానికి ఎత్తిన గుమ్మడికాయను కంగారులో వదిలేశాడు. అది ముఠా పెట్టె మీద పడింది. పెట్టె పోయింది. గుమ్మడికాయ కూడా పోయింది గాని, అది ఎలాగూ పోవాల్సిందే.

కృపారాణి వెనకనుంచి వచ్చి అతని చెయ్యి మెలిపెట్టింది. రెండో కమ్మ నొక్కింది. ఆరుబయట అది బుద్ధిగా పనిచేసింది. రమణి టీమ్ గేటు దగ్గర బ్రేకు వేసేసరికి, రమాకాంత్ కుర్తా నిండా గుమ్మడి గుజ్జు, చేతులకు బేడీలు.

"ఎలా దొరికిపోయాను?" పళ్లు కొరుకుతూ అడిగాడు.

"చేతులు కడుక్కోకుండ పోయినవ్."

అప్పుడు వచ్చాడు శేషగిరిరావు, ఆయాసపడుతూ, చేతిలో చక్కెర పొంగలి కప్పుతో. యంత్రం అర్ధాంతరంగా ఆగిపోయింది, మళ్లీ లేపాలంటే వారాలు పడుతుంది. ఆయన కన్సల్టెంట్ గూఢచారి అని, రంగు దొంగతనానికి వచ్చాడని, మనిషిని చంపబోయాడని కృపారాణి ఒక్కొక్కటే చెప్పింది. ఆయన విన్నాడు. తల ఊపాడు. కళ్లజోడు తుడుచుకున్నాడు.

"అమ్మా, ఒక చిక్కండీ. మా పేపర్ నిన్ననే జర్నల్‌కి పంపాను. అందులో ఈయన పేరు కూడా ఉంది. పని మాత్రం నిజంగానే చేశాడు. ఇప్పుడు తీసెయ్యాలంటారా?"

కృపారాణి జీపు ఎక్కుతున్న రమాకాంత్ వైపు చూసింది.

"తీసెయ్యకుండ్రి సార్. అడ్రస్ ఒక్కటి మార్చి, చర్లపల్లి జైలు అని రాయుండ్రి."