నలభై పోర్టుల స్విచ్

"నెట్‌వర్క్ స్విచ్ ఆపడానికి వీల్లేదు. కేబుల్ పీకడానికీ వీల్లేదు. లీక్ మాత్రం ఆగాలి!" ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు.

"ఊపిరి తీసుకోవడానికైనా పర్మిషన్ ఉందా సార్?" పళ్లు నూరాడు ఏజెంట్ డేగ.

ఏసీ మెకానిక్ వేషంలో ఆ సర్వర్ రూమ్‌లో దూరి గంట దాటింది. కాసేపట్లో సీక్రెట్ వీడియో మీటింగ్. విదేశీ ముఠాలో దొంగపేరుతో బతుకుతున్న మన మనిషి ఒకడు తెరమీదికొచ్చి గుట్టంతా విప్పుతాడు. అతను డేగకి స్వయానా బావ. ఆ మొహం ముఠా కంటపడిందా, అక్క పసుపుకుంకాలు గల్లంతే!

"మీటింగ్ వాయిదా వెయ్యండి సార్."

"పైవాళ్లు ఒప్పుకోరు. నువ్వు పని చూడు."

స్విచ్‌లోకి వచ్చే వీడియో ఒక్కటే. స్విచ్ దానికి కాపీలు తీసి నలభై పోర్టుల గుండా నలభై ఆఫీసులకి పంపుతుంది. దీన్నే మల్టీకాస్ట్ అంటారు. ఎవరో లోపల అడ్రసు మార్చి, అదనంగా ఒక కాపీని ముఠాకి మళ్లిస్తున్నారు.

"తర్వాతి పోర్టు చూడండి మెకానిక్ గారూ," అంది పక్కనున్న సుందరి. నల్లచీర, మత్తెక్కించే సెంటు. ఈ స్విచ్‌ని డిజైన్ చేసింది తనే. డేగ అసలు పని చెప్పి, సాయానికని ఆఫీసే పంపింది.

అదీ చూశాడు. ఏమీ లేదు. ఆ తర్వాతిదీ అంతే. డేగ స్క్రూడ్రైవర్ విసిరికొట్టాడు.

"ప్రతి కాపీకీ విడివిడిగా అడ్రసు మార్చుకుంటూ కూర్చుంటుందా ఇది? నత్త నయం!"

ఆమె మొహం కందిపోయింది. "నత్తా? నా స్విచ్చా? అడ్రసు మార్చేది లోపలికొచ్చేచోటే, ఒక్కసారే! కాపీలు ఆ తర్వాతే. అందుకే ఇంత స్పీడు..."

చటుక్కున ఆగింది. ఆలస్యమైపోయింది.

"మరి బయటికెళ్లే పోర్టులన్నీ నాచేత ఎందుకు వెతికించారు మేడమ్?"

ఆమె చేతిలో లిప్‌స్టిక్ బుస్సుమంది. మత్తు గ్యాస్! డేగ మెకానిక్ మాస్క్ మూతికి లాక్కుని, ఏసీ గాలిని ఆమెవైపు తిప్పాడు. తన గ్యాస్ తనే పీల్చి సుందరి కుర్చీలో వాలిపోయింది.

స్విచ్ తెరమీద ఇన్‌పుట్ టేబుల్, అంటే లోపలికొచ్చేచోటి అడ్రసుల పట్టిక, తెరిచాడు. దొంగ అడ్రసు ఒకే ఒక్క లైను! డిలీట్ కొట్టాడు.

'తొలగించుటకు పై అధికారి ఆమోదం అవసరం.'

"నీ ఆమోదం తగలెయ్య!"

మార్చడానికి మాత్రం ఆమోదం అడగలేదు. గబగబా దొంగ అడ్రసు స్థానంలో ఇంకో గ్రూపు అడ్రసు టైపు చేశాడు. వీడియో అందుకునే సభ్యులే లేని ఖాళీ గ్రూపు అది. ఎంటర్ నొక్కిన మరుక్షణం తెరమీద బావ మొహం వెలిగింది.

ముఠావాళ్ల తెర నల్లబడిందని చీఫ్ కబురు చెప్పాడు. "శభాష్! మరి ఆ కాపీ ఎటు పోతోందయ్యా?"

డేగ నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"ఎవరూ వినని చోటికి సార్. మన మీటింగులకి అదేం కొత్త కాదుగా."