నాలుగో జత కాళ్ళు

ఉదయం ఏడు గంటలకు రేవులో ఆడవాళ్ళందరి చేతుల్లోనూ కనుబొమలు పీకే చిమటాలు ఉన్నాయి. వాళ్ళలో ఒక్కరూ కనుబొమలు దిద్దుకున్న పాపాన పోలేదు. కోనాం చేప మొప్ప ఎత్తడం, లోపల అతుక్కున్న బియ్యపుగింజంత పురుగును లాగి పారేయడం, మరో చేప అందుకోవడం. పదకొండేళ్ళుగా ఇదే వరస.

కారణం ద్వారం దగ్గరున్న జాతిదర్శిని. తోరణంలాంటి ఆ యంత్రం తన కిందుగా వెళ్ళే ప్రతి ప్రాణినీ ఒక్క చూపులో పోల్చి, జాతి, తరగతి ప్రకటిస్తుంది. బడిలో, బజారులో, వంటింట్లో ఇప్పుడు అది చెప్పిందే పేరు. ఏది పొన్నగంటి కూరో, ఏది పిచ్చిమొక్కో అత్తగారిని అడిగే రోజులు పోయాయి. ఆ ఒక్క సంగతికి చాలామంది కోడళ్ళు యంత్రాన్ని క్షమించేశారు.

"మొప్పపేను. చేటు తరగతి," అంది జాతిదర్శిని తీరిగ్గా. ఆ ఆడవాళ్ళలో ఒకరైన నూకరత్నం తొట్టె పక్కకు మళ్ళింది, అందులోని పన్నెండు కోనాలూ పనికిరాని చేపల్ని పొడి చేసే పిండిమరలోకి జారిపోయాయి.

"ఒక్కటి మిగిలిపోనాది," అంది నూకరత్నం. "ఒక్క పేనుకి పన్నెండు సేపలా?"

"తొట్టె మొత్తాన్ని ఒకే చేప కింద చూస్తుంది పిన్నీ. ఆ రూలు నేను పెట్టానా?" అన్నాడు గేటు అధికారి తవిటినాయుడు.

"నువ్వెట్టనేదు. తియ్యనూ నేదు."

ఆ మాట విని హైమవతి కళ్ళద్దాలు తుడుచుకుంది. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన ఆమె, నూకరత్నం పారేసిన పురుగులు ఏరుకోవడానికి రోజూ రేవుకు వస్తుంది. ఆమె అభిప్రాయంలో అవి మొప్పపేలు కానే కావు.

"ఇలా చూడు," అని భూతద్దం కిందపెట్టి చూపించింది. "ఇది రొయ్యకు దూరపు చుట్టం. అసలు మొప్పపేనుకి నాలుగో జత కాళ్ళలో రెండేసి కణుపులు. చేపను తొలిచి చంపేది అదే. దీనికి మూడేసి. ఇది పైపైన జిగురు తిని బతుకుతుంది, అంతే. ఇది వేరే జాతి."

నూకరత్నం ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. "మూడే. మరా మాట దానికి సెప్పవేటి మేడమ్?"

"పదేళ్ళుగా చెబుతున్నా. నా బొమ్మలు దానికి పనికిరావట. తన కంటితో వంద పురుగులు చూస్తేగాని కొత్త జాతిని ఒప్పుకోదు. మీరేమో దాని కంట పడకముందే పీకేస్తున్నారు."

"పీక్కపోతే మా సేపలు పోతాయి గదా."

"పోతాయి. అందుకే నేను అడగలేదు."

ఆమె అడగలేదు కానీ ఆడవాళ్ళు తమలో తాము మాట్లాడుకున్నారు. వంద చేపలు పోతే పోయాయి, జన్మంతా ఈ పీకుడు తప్పుతుంది. మర్నాటి నుంచి తలా ఒక చేపను పురుగుతో సహా విడి తొట్టెలో తోరణం కిందికి పంపారు. రోజుకు పదమూడు చొప్పున ఎనిమిది రోజులు. నూట నాలుగు మంచి కోనాలు పిండైపోతుంటే పక్కనే నిలబడి చూశారు.

తొమ్మిదో రోజు జాతిదర్శిని గొంతు సవరించుకున్నట్టు ఆగి, "కొత్త జాతి. హానిరహితం. ప్రతిపాదన హైమవతి," అంది. నూకరత్నం హైమవతి భుజం మీద ఒక్కటి చరిచింది. ఆమె కళ్ళద్దాలు ముక్కు మీదికి జారాయి.

యంత్రం ఇంకా ముగించలేదు. "ఇంతవరకు కనిపించినవి నూట నాలుగు. అన్నీ మృతం. గత పదకొండేళ్ళలో విడిగా నమోదు లేదు. తరగతి అత్యంత అరుదు. దీనికి ఆశ్రయమైన కోనాం వేట నేటి నుంచి నిషేధం."

ఆడవాళ్ళు తోరణం చుట్టూ మూగారు.

"అరుదేటి?" అంది నూకరత్నం. "బుట్టలకి బుట్టలు పీకి పారేసాం. దానికి కనపడకపోతే లోకంలో అది నేనట్టేనా? పేనుకి ఇల్లు కావాలని మమ్మల్ని రోడ్డు మీదకి తోస్తాదా? కోనాం నేకపోతే మేం ఏటి తిని బతకాలి?"

తవిటినాయుడు యంత్రం తాలూకు తెరపలకమీద వేళ్ళు ఆడించి, ఆడించి, గొంతు తగ్గించాడు. "ఒకటే దారుంది. పేరు ప్రతిపాదించినవాళ్ళు కణుపుల లెక్క తప్పామని రాసిస్తే రెండు జాతులూ మళ్ళీ ఒకటైపోతాయి. నిషేధం పోతుంది. మేడమ్‌ని మాత్రం నమ్మదగని పరిశీలకురాలని రాసుకుంటుంది."

ఎవరూ హైమవతి వైపు చూడలేదు. ఆమె పలక అందుకుంది. కారణాల జాబితాలో 'వయోభారం, చూపు మందగించుట' అన్నది చక్కగా మొదటే ఉంది. యంత్రానికి ఎంత ముందుచూపో అనుకుని దాని మీద వేలు పెట్టింది. సంతకం మాత్రం వంకర పోయింది.

"పొరపాటు అంగీకరించినందుకు అభినందనలు," అంది జాతిదర్శిని. "మీరు పేరు పెట్టిన మిగతా ఆరు జాతులూ రద్దయ్యాయి."

హైమవతి లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. నూకరత్నం ఆమె దారికి అడ్డంగా నిలబడింది. ముఖం ఎర్రబడి ఉంది.

"నువ్వు తప్పలేదు. మూడు కణుపులు నానూ సూసాను," అంది. "ఆ ఆరూ ఏటేటో రేపొచ్చి మాకు సూపించు. మేం గుర్తెట్టుకుంటాం. మా పిల్లలకి మేం సెప్తాం. దాన్ని అడగం."

"వాటిలో రెండు కంటికి ఆనవు నూకరత్నం."

"ఆనేదాకా సూత్తాం."