రీస్టార్ట్ ఎరుగని సర్వర్

బావకు తన సర్వర్ మీద ఉన్న ప్రేమలో పావు వంతు అక్క మీద ఉన్నా ఆ సంసారం మరోలా ఉండేదని సిరా అభిప్రాయం. అక్కకు జ్వరమొస్తే ఓ మాత్ర వేసుకోమని చెప్పి పేపర్లో తల దూర్చే మనిషి, సర్వర్ గదిలో ఫ్యాను చప్పుడు మారిందని ఫోనొస్తే ఎంగిలి చెయ్యి కూడా కడుక్కోకుండా పరిగెడతాడు.

నగరమంతటికీ మంచినీళ్ళు శుద్ధి చేసి పంపే ప్లాంటులో కంప్యూటర్లన్నీ ఆయన చేతికిందే. మరదలు సిరా ప్రింటర్లకు ఇంకు అమ్ముతుందని ఇంట్లో అందరి నమ్మకం. నిజానికి ఆమె గూఢచారి. ఆ పేరు కూడా ఆఫీసు పెట్టిందే. ఇంకు అమ్మే మనిషికి ఏం తెలుసులే అన్న ధీమాతో ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర బావ ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"విండోస్ అంటావా, అందరిళ్ళలోనూ ఉంటుంది కాబట్టి దొంగలందరి కళ్ళూ దాని మీదే. మ్యాక్ అంటావా, గేటు అందంగానే ఉంటుంది, లోపలికి మాత్రం తొంగి చూడనివ్వరు. లినక్స్ అలా కాదు. ఆ గోడలో ప్రతి ఇటుకనీ వేలమంది తట్టి చూశారు."

"ఎంత గోడైనా కాపలా కాసేది మనిషే కదా బావా."

"నువ్వు ఇంకు అమ్ముకో తల్లీ," అంటూ ఫోన్లో ఫొటో చూపించాడు. "పోయిన వారం సెమినార్. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ భద్రం అని. నా సర్వర్ నాలుగేళ్ళుగా ఒక్కసారి కూడా రీస్టార్ట్ కాలేదని చెప్పాను. హాలు దద్దరిల్లింది. ముందు వరసలో ఈవిడైతే లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టింది. ఇవాళ చూడ్డానికి వస్తానంటే రమ్మన్నాను."

ఫొటోలో ఆవిడను సిరా చూడగానే గుర్తుపట్టింది. ఎత్తు మడమల చెప్పులు, భుజం మీదికి జారిన జుట్టు, కెమెరా ఉందని తెలిసి నవ్విన చిన్న నవ్వు. ఆఫీసులో ఆమెను నెమలి అంటారు. చెదలు అనే విదేశీ ముఠాలో ఉంటూ మనకు కబుర్లు చేరవేసే మన మనిషి ఆమె. సిరా పై అధికారి పెద్దాయన నమ్మకమైతే అదీ.

అప్పుడే ఆ పెద్దాయనే ఫోన్ చేశాడు. "నల్ల ఇంకు అయిపోయింది." ప్రాణాల మీదికొచ్చినప్పుడు వాడే కోడ్ అది. సిరా బాల్కనీలోకి నడిచింది.

"చెదలు ఇవాళే రంగంలోకి దిగుతున్నాయి. వాటర్ ప్లాంటు. నీళ్ళలో కలిపే క్లోరిన్ అమాంతం పెంచేస్తారు. కుళాయి తిప్పిన ప్రతి ఇంటికీ విషమే."

"ఎక్కణ్ణించి చేస్తారు?"

"అకౌంట్స్ సెక్షన్లో విండోస్ మెషీన్ల నుంచి. నెమలి చెప్పింది. మనవాళ్ళంతా అక్కడే ఉన్నారు, నువ్వూ వెళ్ళు."

"నెమలి మా బావ లినక్స్ సర్వర్ దగ్గరికి వెళ్తోంది సార్."

"వెళ్ళనీ. విండోస్, మ్యాక్, లినక్స్ మూడిట్లోనూ అదే గట్టిదని మన రిపోర్టే చెప్తోంది. ఆ రిపోర్టు రాసింది నేను."

"నేను సర్వర్ గదికే పోతాను."

"ఇది ఆర్డర్."

"సిగ్నల్ సరిగ్గా లేదు సార్," అంది సిరా, పెద్దాయన పళ్ళు నూరడం కూడా స్పష్టంగా వినిపిస్తున్న ఫోన్లో.

బావ వెళ్ళిన కాసేపటికి ప్లాంటు గేటు దగ్గర అగ్నిమాపక తనిఖీ అధికారిణి వేషంలో సిరా దిగింది. నెరిసిన విగ్గు, దళసరి కళ్ళజోడు. చుట్టుపక్కల ఏ కంప్యూటర్ ఏ కంప్యూటర్‌తో ఏం మాట్లాడుతోందో ఆ కళ్ళజోడు అద్దం మీద చూపిస్తుంది.

సర్వర్ గది పక్కనే పంపులు. గోడలు కూడా గుర్రుమంటున్నాయి. బావ తన్మయత్వంతో సర్వర్ గొప్పలు చెబుతుంటే, నెమలి ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని తలాడిస్తోంది. మంటలార్పే సిలిండర్ చేతిలోకి తీసుకుని పరీక్షిస్తున్నట్టు నటిస్తూ సిరా అడిగింది.

"బయటివాళ్ళకి లాగిన్ ఇచ్చారా సార్?"

"గెస్ట్ లాగినేనమ్మా. చూడ్డమే తప్ప వేలు పెట్టడం కుదరదు."

సిరా కళ్ళజోడు అద్దం మీద అక్షరాలు మారాయి. ఇప్పటిదాకా గెస్ట్‌గా ఉన్న నెమలి ఒక్కసారిగా రూట్ అయిపోయింది. రూట్ అంటే ఆ సర్వర్‌కు సర్వాధికారి. ఇంటికొచ్చిన చుట్టం బీరువా తాళాలు బొడ్లో దోపుకున్నట్టే.

గోడ మీద క్లోరిన్ మీటర్ ముల్లు ప్రమాదం గుర్తైన ఎర్రగీత వైపు కదిలింది. బావ కంగారుగా కీబోర్డు అందుకున్నాడు. పాస్‌వర్డ్ కొట్టాడు. తప్పన్నది. మళ్ళీ కొట్టాడు. అతని సర్వరే అతన్ని ఎవరు నువ్వంది.

"అప్‌డేట్లు వేశారా?" అంది సిరా.

"నెలనెలా వేస్తాను. ఒక్కటి కూడా వదల్లేదు."

"సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌కి అప్‌డేట్ వేసి రీస్టార్ట్ చేయకపోతే నడిచేది పాతదే కదా. నాలుగేళ్ళుగా కన్నాలు కన్నాల్లాగే ఉన్నాయి. ఆ సంగతి మీరే మైకు పట్టుకుని ఊరందరికీ చాటారు. ముందు దాన్ని ఆపండి."

"ఆపితే మళ్ళీ లేస్తుందో లేదో. ఊరికి నీళ్ళుండవు."

"ఆపితే వాల్వులు వాటంతటవే మూసుకుంటాయి. నీళ్ళు లేకపోతే జనం తిట్టుకుంటారు. ఈ నీళ్ళు తాగితే తిట్టుకోడానికి కూడా మిగలరు."

బావ ఆమె వైపు వింతగా చూశాడు. "ఈ పోట్లాడే గొంతు నేనెక్కడో విన్నాను."

"ఇప్పుడే, భోజనాల దగ్గర. తప్పుకోండి బావా."

"ఎవరూ కదలొద్దు," అంది నెమలి. ఆమె చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్తోలు మెరిసింది. సిరా చెవి కమ్మలో దాచిన స్పీకర్లో పెద్దాయన గొంతు ఖంగుమంది. "సిరా, సర్వర్ ముట్టుకోవద్దు. నెమలి మన మనిషి."

"మీ మనిషి నాకు పిస్తోలు గురిపెట్టింది సార్."

అని సిరా తన విగ్గు ఊడబెరికి నెమలి మొహాన కొట్టింది. పిస్తోలు పేలి గుండు సీలింగులో దూరింది. నెమలి కళ్ళ మీది జుట్టు తీసుకునేలోపు సిలిండర్ తెల్లగా బుస్సుమంది. ఎత్తు మడమలు నురగ మీద నిలబడే రకం కాదు. కిందపడ్డ పిస్తోలును కాలితో దూరంగా తన్ని, సిరా ఆమె మణికట్లు రెండూ కేబుల్‌తో టేబుల్ కాలికి కట్టేసింది.

ముల్లు ఎర్రగీత అంచున వణుకుతోంది. సర్వర్ పవర్ బటన్‌కి అడ్డంగా బావ చెయ్యి పెట్టాడు.

"ఇది నా నాలుగేళ్ళ కష్టం," అన్నాడు.

"అక్క ఇప్పుడు కుళాయి కింద బిందె పెడుతూ ఉంటుంది."

చెయ్యి జారిపోయింది. సిరా బటన్ నొక్కి పట్టుకుంది. తెర నల్లబడింది. వాల్వులు వరసగా టక్కుటక్కున మూసుకున్నాయి. ముల్లు ఎర్రగీతను ముట్టుకోకుండానే వెనక్కి వాలింది.

తర్వాత ఆమె దాన్ని మళ్ళీ ఆన్ చేసింది. తెర మీద ఏమీ రాలేదు. బావ ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డవాడిలా నిలబడ్డాడు. ఎంతసేపటికో ఒక తెల్లటి గీత మిణుకుమంది, దాని వెనకే అక్షరాలు బారులు తీరాయి. కొత్త కెర్నెల్. పట్టుబడితే ఆనవాళ్ళు దొరక్కూడదని నెమలి తన ప్రోగ్రామ్‌ను మెమరీలోనే ఉంచింది. కరెంటుతో పాటు అదీ పోయింది. నేల మీద ఆమె ల్యాప్‌టాప్ తెర మీద ఒకే ఒక్క వాక్యం మిగిలింది: అనుమతి లేదు.

"సిరా," అన్నాడు పెద్దాయన చెవిలో, గొంతు సవరించుకుని. "ఆ రిపోర్టు కొంచెం సవరించాలేమో."

"మీ సంగతి ఆఫీసులో చూద్దాం సార్. ఇక్కడ వరసలో ఇంకొకరున్నారు."

బావ నేల చూపులు చూస్తూ ఏదో గొణిగాడు.

"పంపుల చప్పుడు బావా. వినపడలేదు."

నిజానికి బాగానే వినపడింది. బావ ఒకసారి సర్వర్‌ని చూశాడు, ఒకసారి మరదలిని చూశాడు. గట్టిగా ఊపిరి పీల్చుకుని, పంపుల హోరు మీదుగా అవతలి గదిలో వాళ్ళు కూడా తల తిప్పి చూసేలా అన్నాడు.

"లినక్స్‌ది కాదు, తప్పు నాదే."