తొమ్మిదో తీగ

చేతికి ఎముక లేదంటారు చూడండి, ఈ కాంట్రాక్టరుకు చెయ్యంతా ఎముకలే. తలుపుల తాళాలకు కరెంటిచ్చే పెట్టె కొనమంటే, కొట్లో ఉన్నవాటిలోకెల్లా చిన్నది ఏరి తెస్తాడు. పనిలో తోడు బామ్మర్ది, పెళ్లానికి ఒక్కగానొక్క తమ్ముడు.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఓ పాత ఆఫీసు బేస్‌మెంట్‌లో పెట్టె మారుస్తున్నారు. కారిడార్‌లో ఎనిమిది తలుపులు, అన్నిటికీ మాగ్నెట్ తాళాలు. కరెంటు ఉన్నంతసేపే పట్టుకుంటాయి, పోతే వదిలేస్తాయి.

"బావా, తలుపులు ఎనిమిదేగా? తీగలు తొమ్మిదున్నాయి. ఇది చివరి గోడలోకి పోతోంది."

"గోడకి తాళమేంట్రా, నీ మొహం!"

"మరి దీనొక్కదానికే ఇంత పెద్ద బ్యాటరీ ఎందుకు? క్షణం కూడా కరెంటు పోకూడదనేమో..."

"అక్కాతమ్ముళ్లిద్దరికీ అన్నీ అనుమానాలే. పోయి చూడు."

బామ్మర్ది టార్చి పట్టుకుని వెళ్లాడు. బావ తీగ పీకాడు.

టక్.

తడిమట్టి వాసన గుప్పుమంది. చివరి గోడలో నల్లటి గీత... వెడల్పవుతోంది.

"బావా... లోపల ఎవరో కూర్చున్నారు."

"వెనక్కి రారా!"

"లేస్తున్నారు బావా..."

టార్చి కిందపడి ఆరిపోయింది. దేన్నో ఈడ్చిన చప్పుడు. బావ కళ్లు గట్టిగా మూసుకుని తీగ తగిలించాడు. గోడ దభీమని మూసుకుంది. చెంపకు చల్లగాలి తగిలింది.

లోపల్నుంచి తట్టుడు మొదలైంది.

"బావా, అది బయటికొచ్చేసింది. ఇక్కడ నేనొక్కణ్నే. తియ్యి బావా..."

అచ్చం బామ్మర్ది గొంతే. దెయ్యానికి గొంతు మార్చడం ఓ లెక్కా? నిజంగా వాడే అయితే? తీగ పీకితే తేలిపోతుంది. పీకలేదు. ఎవరి ప్రాణం వాళ్లకు తీపి. అంతటి పిసినారీ సంచిలోని కొత్త బ్యాటరీ కూడా తీసి, పాతదానికి జోడించాడు.

"అక్కకేం చెబుతావ్ బావా?"

చెవులు మూసుకుని మెట్ల మీద కూలబడ్డాడు. ఎంతసేపటికో ఫోన్ మోగింది. పెళ్లాం.

"తమ్ముణ్ని ముందే పంపేశారేంటండీ? చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. ఒళ్లంతా మట్టి. పాపను ఎత్తుకున్నవాడు దించడం లేదు..."

"పాపను లాక్కో! బయటికి పరిగెత్తు!"

అరుస్తూనే తీగ పీకాడు. బ్యాటరీలూ, పెట్టెకొచ్చే కరెంటూ పీకేశాడు. ఎనిమిది తలుపులూ టకటకా వదిలేశాయి.

గోడ మాత్రం కదల్లేదు. తెగిన తీగ చేతిలో వేలాడుతోంది. లోపల తట్టుడు నెమ్మదిస్తోంది.

వాళ్లింటి తలుపుకు కరెంటు తాళం లేదు, ఉన్నదల్లా ఒక్క గొళ్లెం.

"ఏవండీ..." ఫోన్‌లో గుసగుస. "గొళ్లెం తీశాను... తలుపు రావడం లేదు."