బోర్డున్న చోటే ఊరు

పొద్దుగూకాక ఆ పాత పోస్టాఫీసు ముందునుంచి ఎవరూ నోరు మూసుకుని నడవరు. మూసిన కిటికీ వైపు తిరిగి, "ఫలానా ఇంటికి పోతున్నానమ్మా" అని చెప్పి మరీ పోతారు. చెప్పకపోతే... ఆవిడే అడుగుతుందట.

ఆవిడంటే పోస్టమ్మ. బతికున్నన్నాళ్లూ ఆ కిటికీలో కూర్చుని ఉత్తరాలు పంచింది. ఊరికొచ్చే రైలు ఆగిపోయింది, ఆవిడా పోయింది, కిటికీకి చెక్కలు కొట్టేశారు. ఇక మిగిలిందేమిటి? పట్టుమని పాతిక ఇళ్లు, ఒక వాగు, ఒక మిట్ట. పొలిమేర లేదు, పంచాయతీ లేదు, ఏ పటంలోనూ చుక్కయినా లేదు. ఇనుప స్తంభానికి బిగించిన పేరు బోర్డొక్కటే ఉంది — అదెక్కడుంటే ఊరక్కడ.

ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములకి చెరో కొట్టు. బోర్డు వాగు పక్కన తమ్ముడి కొట్టు ముందుండేది. బస్సు అక్కడే ఆగేది. దిగినవాళ్లు దిగినట్టే తమ్ముడి కొట్లో దూరేవాళ్లు. మిట్టమీద కొట్టున్న అన్న ఈగలు తోలుకుంటూ చూసేవాడు. తమ్ముడు నవ్వితే ఇతగాడికి ఒళ్లు మండేది. తమ్ముడు కొట్టుకి కొత్త రంగేయిస్తే రెండ్రోజులు అన్నం సయించలేదు. నిజం చెప్పొద్దూ, తమ్ముడు చెడ్డవాడేం కాదు. అదింకా మంట.

ఇంతలో కబురొచ్చింది — పటం గీసేవాళ్లు మర్నాడే వస్తున్నారట, బోర్డున్న చోటే ఊరి చుక్క పెడతారట, బస్సు ఇక శాశ్వతంగా అక్కడేనట.

"అయితే మన కొట్టు మూసుకోవాల్సిందేనా?" అంది భార్య.

చీకటి పడగానే అన్న గునపం తీసుకుని బయల్దేరాడు.

బోర్డు స్తంభంతో సహా ఊడింది. భుజాన వేసుకుని మిట్టకేసి నడిచాడు. దారిలో పోస్టాఫీసు. నోరు విప్పితే ఎవరైనా వింటారేమో... ఆ ఒక్కరాత్రికీ చెప్పకుండానే దాటబోయాడు.

"ఎవరింటికి?"

మెల్లగా, చెక్కల వెనకనుంచి.

అక్కడే ఆగిపోయాడు. భుజంమీది బోర్డు ఉన్నట్టుండి మోయలేనంత బరువైంది.

"అది... ఎవరింటికి?"

"మా... మా ఇంటికే," అన్నాడు.

లోపల ముద్ర కొట్టిన చప్పుడు — ఠప్!

బోర్డు అక్కడే పడేసి పరుగెత్తుకెళ్లి ఇంట్లో పడ్డాడు.

తెల్లారి చూస్తే బోర్డు పోస్టాఫీసు ముందు నిటారుగా పాతి ఉంది. ఎవరు పాతారో ఎవరికీ తెలీదు. తమ్ముడు తెల్లబోయి చూస్తూ ఉండిపోయాడు. పటంవాళ్లొచ్చి అక్కడే చుక్క పెట్టుకుని వెళ్లారు.

రాత్రి భయమంతా ఆ దెబ్బతో ఎగిరిపోయింది అన్నకి. తనకి దక్కకపోతే పోనీ, వాడికీ దక్కలేదు కదా! పైగా అక్కణ్ణుంచి రెండు కొట్లూ ఒకటే దూరం. సాయంత్రం బస్సు వేళకి తల దువ్వుకుని, గుమ్మం బయటికొచ్చి నిలబడ్డాడు.

ఊరికి కొత్తమనిషి ఒకామె సంచి పట్టుకుని దిగింది. కాసేపు ఆ కిటికీ దగ్గర ఆగి, తలూపి, వాగు వైపు తిరిగింది.

"అమ్మా, ఇటు! కొట్టు ఇటుంది!" అని కేకేశాడు అన్న, ఎదురు పరుగెత్తి.

"వద్దులెండి," అందామె ఆగకుండానే. "కిటికీలో పెద్దావిడ తమ్ముడి కొట్టుకే పొమ్మంది. రాత్రి బోర్డు పీకింది మీరేనటగా?"